వంకర తిరిగిన సన్నాయి

బెంగళూరు కాడుగోడిలో ఒక పెళ్ళికి వెళ్ళాం. వైట్‌ఫీల్డ్ మెట్రో స్టేషను నుంచి నడిచిపోయేంత దూరంలో మండపం. పెళ్ళికొడుకు వాళ్ళది ప్రొద్దుటూరు, పెళ్ళికూతురు వాళ్ళది ఉడుపి వైపు. మేళం ఆడపిల్ల వాళ్ళు మాట్లాడుకొచ్చారు. ఊరి నుంచి వచ్చిన మా పెద్దమ్మ ముహూర్తం దాకా కళ్ళు మూసుకుని వింటూ కూర్చుంది. తలంబ్రాలప్పుడు కళ్ళు తెరిచి, డోలు పక్కన ఇత్తడి రంగులో మెరుస్తున్న వాద్యాన్ని చూసి, "ఏం నాయనా, ఈ సన్నాయి ఇంత వంకర తిరిగిందేంది?" అని అడిగింది. అది సన్నాయి కాదు, సాక్సోఫోన్ అని చెప్పాను. "పేరు ఏదైతే ఏంలే, సన్నాయే కదా" అంది.

నాలుగేళ్ళుగా సాక్సోఫోన్ నేర్చుకుంటూ, దాని గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చినవాణ్ణి నేను. ఆ మాట విన్న క్షణంలో పెద్దమ్మకు తెలియక అందనుకున్నాను. తరవాత ఆలోచిస్తే, ఈ వాద్యం గురించి నేను విన్న మాటల్లో అంత సరైనది ఇంకొకటి లేదనిపించింది. శబ్దశాస్త్రం వైపు నుంచి చూసినా, కర్ణాటక తీరప్రాంతంలో ఒక సన్నాయి ఇంట జరిగినదాన్ని బట్టి చూసినా సాక్సోఫోన్ మన సన్నాయికి దగ్గరి చుట్టం. ఈ చుట్టరికాన్ని పట్టుకుంటే, ఇది ఎలా పలుకుతుంది, మన సంగీతానికి పనికొస్తుందా, దీన్ని ఎలా నేర్చుకోవాలి అనే మూడు ప్రశ్నలూ ఒకే దారిన విడతాయి.

బెల్జియంలోని దినాన్ అనే చిన్న ఊళ్ళో 1814 నవంబరు 6న అడాల్ఫ్ సాక్స్ పుట్టాడు. తండ్రి వాద్యాలు తయారుచేసేవాడు. కొడుకు క్లారినెట్ నేర్చుకున్నాడు. 24 ఏళ్ళు నిండకముందే బాస్ క్లారినెట్‌ను బాగుచేసి పేటెంటు తీసుకున్నాడు. సైనిక బ్యాండ్లలో ఒక లోటు ఉండేది. ఇత్తడి బాకాలకు గొంతు పెద్దది గాని మెత్తదనం తక్కువ. చెక్క వాద్యాలు హొయలు పోతాయి గాని ఆరుబయట వినపడవు. ఈ రెంటికీ నడిమి వాద్యం కావాలనుకున్నాడు సాక్స్. లోహపు గొట్టానికి క్లారినెట్ తరహా మౌత్‌పీస్ తగిలించి ఊదితే ఏమవుతుందన్న ప్రయోగం లోంచి 1840 ప్రాంతాల్లో ఈ వాద్యం పుట్టింది. 1842లో పారిస్ చేరాడు. సంగీతకర్త బెర్లియోజ్ ఆ ఏడాదే పత్రికలో దీన్ని మెచ్చుకుంటూ రాశాడు. 1846లో పేటెంటు వచ్చింది. పోటీదారులు ఏళ్ళ తరబడి కోర్టులకు ఈడ్చారు, మూడుసార్లు దివాలా తీశాడు, 1894లో పేదరికంలో పోయాడు. జాజ్ సంగీతం దీన్ని నెత్తిన పెట్టుకోవడం ఆయన చూడనేలేదు. కనిపెట్టినవాడి పేరు వాద్యం పేరులో అంత గట్టిగా నిలిచిపోవడం అరుదు. ఆ పేరు ఆయనకు అన్నం మాత్రం పెట్టలేదు. ఈ కథ చదివిన ప్రతిసారీ నాకు బాధేస్తుంది.

వాద్యం సంగతికొస్తే, ముందు నోటి దగ్గర ఏం జరుగుతుందో చూడాలి. మౌత్‌పీస్ కింది వైపు ఒక సన్నని రెల్లు పలకను బిగిస్తారు. దాన్నే రీడ్ అంటారు. దక్షిణ ఫ్రాన్సులో దీనికోసమే పెంచే ఒక జాతి రెల్లు ఇందుకు పేరుపొందింది. ఊదినప్పుడు ఈ పలక తలుపులా మూసుకుంటూ తెరుచుకుంటూ గాలిని ముక్కలు ముక్కలుగా గొట్టంలోకి వదులుతుంది. సెకనుకు ఎన్నిసార్లు మూసి తెరవాలన్నది పలక ఒక్కటే తేల్చుకోదు. గొట్టంలోని గాలి స్తంభం చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చే అలతో ఆ పలకను తనకు అనుకూలంగా ఆడిస్తుంది. అంటే పలికేది రెల్లూ కాదు, ఇత్తడీ కాదు, లోపలి గాలి.

అందుకే గొట్టం ఆకారం మీదే అంతా ఆధారపడి ఉంది. క్లారినెట్ గొట్టం మొదటి నుంచి చివరిదాకా దాదాపు ఒకే లావు. సాక్సోఫోన్ గొట్టం మెడ దగ్గర సన్నగా మొదలై, గంట అనే చివరి మూతి దాకా వెడల్పవుతూ పోయే శంకువు. ఈ తేడా వినడానికి చిన్నది, ఫలితం చాలా పెద్దది. క్లారినెట్ మీద షడ్జం పలికే వేళ్ళతోనే పై స్థాయికి ఊదితే తారస్థాయి పంచమం పలుకుతుంది. సాక్సోఫోన్ మీద అదే పని చేస్తే తారస్థాయి షడ్జమే పలుకుతుంది. కింది స్థాయిలో ఏ వేళ్ళో పై స్థాయిలోనూ అవే వేళ్ళు. ఎడమ బొటనవేలి కింద ఉన్న ఒక్క మీట నొక్కితే చాలు, స్థాయి మారిపోతుంది. ఆ మీట వెనక సాక్స్ తరవాతి తరాల పనివాళ్ళు చేసిన చక్కని ఏర్పాటు ఉంది. గొట్టానికి రెండు చిన్న బెజ్జాలు, ఒకటి మెడ మీద, ఒకటి ఒంటి మీద. ఏ స్వరానికి ఏది తెరుచుకోవాలో యంత్రమే చూసుకుంటుంది.

మన సన్నాయి, అంటే నాదస్వరం, గొట్టం కూడా శంకువే. దానికీ రెల్లుతో చేసిన రీడే, కాకపోతే రెండు పలకలు కలిపి కట్టినది. అదీ పై స్థాయికి ఊదితే షడ్జం నుంచి షడ్జానికే వెళుతుంది. ఒంటికి ఇత్తడి తొడుక్కున్నా, మీటలు పెట్టుకున్నా సాక్సోఫోన్ లోపల గాలి నడిచే తీరు సన్నాయిదే. క్లారినెట్ మన దేశంలోకి ముందుగా వచ్చింది, తిరుచ్చి ఎ.కె.సి. నటరాజన్ దాన్ని కచేరీ వేదిక మీద నిలబెట్టారు కూడా. కాని పై స్థాయిలో వేళ్ళ లెక్క మొత్తం మారిపోయే ఆ వాద్యాన్ని లొంగదీయడం సన్నాయి వాయించేవాళ్ళకు ఎంత కష్టమో ఆలోచించండి. సన్నాయి ఇంటి పిల్లవాడి చేతికి సాక్సోఫోన్ ఇస్తే సగం దారి అతనికి ముందే తెలుసు.

ఇత్తడితో చేసినా దీన్ని చెక్క వాద్యాల జాతిలోనే లెక్కిస్తారు. రీడ్‌తో పలుకుతుంది, పక్కన రంధ్రాలున్నాయి కాబట్టి. మరి ఇత్తడికి నాదంలో పాత్ర లేదా? వాయించేవాళ్ళలో చాలామంది ఉందంటారు. బంగారు పూత వేయిస్తే గొంతు మారిందని ప్రమాణం చేసేవాళ్ళనూ చూశాను. నా మటుకు నేను గ్రాఫ్టన్ కథనే నమ్ముతాను. 1950లో ఇంగ్లండులో గ్రాఫ్టన్ పేరుతో ప్లాస్టిక్ ఒంటితో ఆల్టో సాక్సోఫోన్లు తయారుచేశారు. 1953 మేలో టొరంటోలోని మాసీ హాల్లో జాజ్ సాక్సోఫోనిస్టు చార్లీ పార్కర్ అటువంటిదే పట్టుకుని వాయించాడు. జాజ్ చరిత్రలో పేరుమోసిన కచేరీల్లో అదొకటి. ఆ రికార్డు వింటే వినిపించేది ప్లాస్టిక్ కాదు, పార్కర్. గొట్టం లోపలి కొలతలు, రంధ్రాల చోటు, మౌత్‌పీస్ లోపలి ఖాళీ ఇవే గొంతును నిర్ణయిస్తాయి. మౌత్‌పీస్ గురించి ఇంకో మాట చెప్పాలి. శంకువును కొస దాకా పోనిస్తే ఊదడానికి చోటుండదు కనుక కొసను కోసేస్తారు. ఆ కోసేసిన ముక్కలో ఎంత ఖాళీ ఉండేదో సుమారుగా అంత ఖాళీ మౌత్‌పీస్ లోపల ఉండాలి. లేకపోతే రెండు స్థాయిల షడ్జాలూ ఒకదానితో ఒకటి కలవవు. మౌత్‌పీస్‌ను మెడ మీది బెండు దగ్గర కాస్త లోపలికి నెట్టి, కాస్త బయటికి లాగి శ్రుతి చేస్తామే, అప్పుడు మనం చేసేది ఆ పోయిన కొసను వెతకడమే.

ఇక అసలు వివాదం. మీటలున్న వాద్యం మీద గమకం ఎలా పలుకుతుంది?

ఈ ప్రశ్నకు బలం ఉంది. వేణువు మీద, సన్నాయి మీద వేలి కొనతో రంధ్రాన్ని సగం మూయొచ్చు, పావు తెరవొచ్చు. సాక్సోఫోన్ రంధ్రాలు పెద్దవి, వేలు ఆనదు, తోలు ప్యాడ్లున్న మూతలు వాటిని మూస్తాయి. రంధ్రాలు కొట్టిన చోట్లేమో పాశ్చాత్య సమవిభాగ స్వరాలవి. హార్మోనియం మీద ఇదే అభ్యంతరం వచ్చి 1940లో ఆకాశవాణి దాన్ని పక్కన పెట్టింది, 1971 దాకా రానివ్వలేదు. మరి సాక్సోఫోన్ ఏ విధంగా మెరుగు?

హార్మోనియంలో స్వరం తయారయ్యాక దాని మీద మన అధికారం పోతుంది. సాక్సోఫోన్‌లో రీడ్ మన నోట్లోనే ఉంది. కింది పెదవి ఒత్తిడి కాస్త వదిలితే స్వరం కిందికి జారుతుంది. నోరు, నాలుక, గొంతు లోపలి ఆకారం మార్చితే ఇంకా జారుతుంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జెర్‌మింగ్ చెన్, జాన్ స్మిత్, జో వుల్ఫ్ వాయిస్తున్నవాళ్ళ నోటి లోపలి అనునాదాన్ని కొలిచారు. 2008లో వాళ్ళు ప్రచురించిన ఫలితం ఇది: మామూలు స్థాయిని దాటి పైకి వెళ్ళే స్వరాల దగ్గర అనుభవజ్ఞులు తమ గొంతు లోపలి గుహను స్వరానికి తగ్గట్టు శ్రుతి చేసుకుంటారు. కొత్తవాళ్ళు అలా చేయలేరు, అందుకే ఆ స్వరాలు వాళ్ళకు పలకవు. స్వరాన్ని వంచేటప్పుడు కూడా ఇదే జరుగుతుందని తరవాతి కొలతల్లో తేలింది. వేళ్ళు స్వరం పేరు చెబుతాయి, ఆ స్వరం ఏ రాగంలోదో నోరు చెబుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. స్వరాన్ని కిందికి వంచినంత సులువుగా పైకి లేపలేం. అందుకని తోడి రాగంలోని గాంధారం లాంటి దాన్ని కేవలం పెదవితో ఊపాలనుకుంటే కుదరదు. పై స్వరం వేళ్ళతో పట్టి అక్కడి నుంచి దింపాలి, దిగేటప్పుడు మీటను ఒక్కసారిగా కాకుండా మెల్లగా వదలాలి. ఈ ఒక్క గాంధారం మీద నేను ఒక వానాకాలమంతా గడిపాను.

ఇదంతా ఎవరూ కొలవకముందే చేసి చూపించినవారు కద్రి గోపాల్‌నాథ్. 1949లో దక్షిణ కన్నడ జిల్లా బంట్వాళ తాలూకాలో పుట్టారు. తండ్రి తనియప్ప నాదస్వర విద్వాంసుడు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సోఫోన్ విని ఆ పిల్లవాడు మనసు పారేసుకున్నాడు. మంగళూరులో ఎన్. గోపాలకృష్ణ అయ్యర్ దగ్గర, తరవాత మద్రాసులో టి.వి. గోపాలకృష్ణన్ దగ్గర శిక్షణ పొందారు. మీటల అమరికలో, ప్యాడ్లలో తనకు కావలసిన మార్పులు చేయించుకున్నారు. వాద్యం పూర్తిగా లొంగడానికి దాదాపు 20 ఏళ్ళు పట్టిందంటారు. 1980లో బొంబాయి జాజ్ యాత్రలో అమెరికన్ జాన్ హ్యాండీతో కలిసి వాయించారు. 1994లో లండన్ ఆల్బర్ట్ హాల్లో బీబీసీ ప్రామ్స్ వేదిక ఎక్కారు. ఆ ఏడాదే కె. బాలచందర్ 'డ్యూయెట్' సినిమాలో రహమాన్ సంగీతానికి ఆయన ఊదిన ఊపిరి తెలుగు ఇళ్ళలోకీ వచ్చింది. నా వయసు తెలుగువాళ్ళలో చాలామందికి సాక్సోఫోన్ అన్న మాట తెలిసిందే ఆ సినిమాతో. 2004లో పద్మశ్రీ అందుకున్నారు, 2019 అక్టోబరు 11న మంగళూరులో కన్నుమూశారు. అమెరికాలో పెరిగిన సాక్సోఫోనిస్టు రుద్రేశ్ మహంతప్ప జాజ్ వైపు నుంచి ఆయన్ని వెతుక్కుంటూ వచ్చి, 2008లో ఇద్దరూ కలిసి 'కిన్స్‌మెన్' ఆల్బం చేశారు. చుట్టాలు అని దాని అర్థం.

కద్రి వారి మాధుర్యం అందరూ చెప్పేదే. నాకు మటుకు ఆయన వాయిద్యంలో ముఖ్యంగా కనిపించేది ఊపిరి తీసుకునే చోటు. సాహిత్యం విరగని చోటే ఆయన ఊపిరి తీసుకుంటారు. త్యాగరాజ కీర్తన వాయిస్తుంటే తెలుగు తెలిసినవాడికి పదం ఎక్కడ ముగిసిందో వినపడుతుంది. మాతృభాష తుళు అయిన మనిషి తెలుగు మాటకు ఇచ్చిన మర్యాద అది. తెలుగు మాతృభాషగా ఉండి నేర్చుకునే మనకు ఈ ఒక్క విషయంలో పుట్టుకతో వచ్చిన సౌలభ్యం ఉంది. దాన్ని వాడుకోకపోవడం తప్పు.

పరాయి వాద్యం మనది కావడం కొత్తేమీ కాదు. మద్రాసులో యూరోపియన్ బ్యాండు నుంచి బాలుస్వామి దీక్షితర్ అందుకున్న వయొలిన్ విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడి చేతిలో ఏమైందో మనకు తెలుసు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్‌ను ఏం చేశాడో తెలుసు. అయితే సాక్సోఫోన్‌కు మన పల్లెల్లో ఇంకో బతుకు కూడా ఉంది. పెళ్ళి ఊరేగింపుల బ్యాండు మేళాల్లో, జాతరల్లో మీరట్ నుంచి వచ్చిన సాక్సోఫోన్లు దశాబ్దాలుగా మోగుతున్నాయి. నోటేషన్ చూడకుండా, ఒకసారి విన్న సినిమా పాటను మర్నాటికి ఊదేసే ఆ కళాకారుల చెవి గురించి ఎవరూ రాయరు. ఈ వాద్యాన్ని తెలుగునేల మీద బతికించినవాళ్ళు మొదట వాళ్ళే.

వైట్‌ఫీల్డ్‌కూ ఈ కథలో ఒక మూల ఉంది. 1882లో మైసూరు మహారాజు చామరాజ వొడెయార్ ఆంగ్లో ఇండియన్ల సంఘానికి ఇచ్చిన 3,900 ఎకరాల్లో వెలసిన పల్లె ఇది. ఆ సంఘం పెట్టిన డి.ఎస్. వైట్ పేరే ఊరి పేరయింది. ఇన్నర్ సర్కిల్ చుట్టూ పెంకుటిళ్ళు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టాలి. ఆ పక్కనే కాడుగోడిలో సత్యసాయి బాబా ఆశ్రమం బృందావనం. జాజ్ సాక్సోఫోన్‌ను ఆధ్యాత్మిక దారి పట్టించిన జాన్ కోల్ట్రేన్ 1961లో 'ఇండియా' అనే రచనను న్యూయార్క్‌లో రికార్డు చేశాడు, కొడుక్కి రవిశంకర్ మీది అభిమానంతో రవి అని పేరు పెట్టుకున్నాడు. ఆయన భార్య ఆలిస్ తరవాతి కాలంలో సత్యసాయి భక్తురాలై, కాలిఫోర్నియాలో నెలకొల్పిన ఆశ్రమానికి సాయి పేరే పెట్టింది. బృందావనం గోడ పక్క నుంచి సాక్సోఫోన్ పెట్టె వీపున వేసుకుని పాఠానికి వెళ్ళేటప్పుడు నాకు ఈ సంగతి ప్రతిసారీ గుర్తొస్తుంది.

నేర్చుకోవడం గురించి ఇక్కడ రెండు పక్షాలున్నాయి. మొదటివాళ్ళు పాశ్చాత్య పద్ధతి పట్టమంటారు. స్టాఫ్ నోటేషన్, ట్రినిటీ లేదా ఏబీఆర్‌ఎస్ఎం గ్రేడు పరీక్షలు. రెండోవాళ్ళు సరళీ స్వరాలతో మొదలుపెట్టమంటారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మొదటి ఆరునెలలు ఏ పక్షమూ అక్కర్లేదు. శ్రుతి పెట్టె ముందు కూర్చుని ఒక్కొక్క స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపు నిలపడం నేర్చుకోవాలి. పై పళ్ళు మౌత్‌పీస్ మీద ఆనాలి, కింది పెదవి కింది పళ్ళ మీద మెత్తలా ఉండాలి, బుగ్గలు ఉబ్బకూడదు, గాలి పొట్ట దగ్గర నుంచి రావాలి. తరవాత సరళి మొదలుపెట్టేటప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. ఈ వాద్యం మీద చేతికి తేలికైనది శంకరాభరణం మెట్లు, మన పాఠాలు మొదలయ్యేది మాయామాళవగౌళతో. అట్టడుగు సీ దగ్గర షడ్జం పెట్టుకుంటే, శుద్ధ రిషభం కోసం ఎడమ చిటికెనవేలు కింద ఉన్న బరువైన మీట నొక్కాలి. పదేళ్ళ పిల్లల చిటికెనవేలికి అది శిక్ష. వాళ్ళకు ఒక నెల శంకరాభరణంలో సరళి చెప్పి తరవాత మాయామాళవగౌళకు తీసుకురావడంలో ఏ అపచారమూ లేదు.

శ్రుతి లెక్క కూడా మొదటి నెలలోనే తెలియాలి. ఆల్టో సాక్సోఫోన్ మీద సీ అని పట్టిన స్వరం వినపడేటప్పుడు ఈ-ఫ్లాట్ (E♭), అంటే మన రెండున్నర శ్రుతి. ఇది తెలియక శ్రుతి పెట్టె ఒకటి మీద పెట్టుకుని, వాద్యం పాడైందనుకున్నవాళ్ళున్నారు. పైగా అట్టడుగు సీ దగ్గర షడ్జం పెడితే మంద్రస్థాయిలో ఒక్క నిషాదం తప్ప దిగడానికి చోటు లేదు. కీర్తనకు మంద్ర పంచమం దాకా దిగాలి. అప్పుడు ఎఫ్ మీద షడ్జం పెట్టుకుంటే, అంటే ఐదున్నర శ్రుతికి, కింద పంచమం దొరుకుతుంది, పైన రెండు స్థాయిలు మిగులుతాయి.

కొనే విషయంలో నేను దెబ్బతిన్నాను. నగరంలో ఒక దుకాణంలో తక్కువకు వచ్చిందని పాత ఆల్టో కొన్నాను. కింది స్వరాలు ఏడు నెలలు పలకలేదు. నా ఊపిరి చాలదనుకుని ప్రాణాయామం క్లాసులకు కూడా వెళ్ళాను. చివరికి ఒక బాగుచేసే పెద్దాయన గదిలో దీపాలార్పి, సన్నని బల్బుల తీగను గొట్టంలోకి దించారు. మూసిన మూతల్లో మూడింటి అంచుల నుంచి వెలుతురు కారింది. పైన ఎక్కడ చిన్న సందున్నా దాని కింది స్వరాలన్నీ దెబ్బతింటాయి, ఎందుకంటే గాలి స్తంభం అక్కడే తెగిపోతుంది. ప్యాడ్లు మార్చిన సాయంత్రం అట్టడుగు స్వరం మొదటి ఊపిరికే పలికింది. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. కొనేముందు ఈ తీగ పరీక్ష చేయించండి. రీడ్ రెండో నంబరుతో మొదలుపెట్టండి, గట్టిది తరవాత.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళ అసలు కష్టం పక్కింటివాళ్ళు. బాకాకైతే గంటలో మూత పెట్టి ధ్వని తగ్గించొచ్చు. సాక్సోఫోన్‌కు అది పనిచేయదు, దీని నాదం చాలావరకు తెరిచి ఉన్న రంధ్రాల నుంచి వస్తుంది, గంట నుంచి వచ్చేది అట్టడుగు స్వరాలకే. గుడ్డలు నిండిన బీరువా ముందు నిలబడి ఊదితే కొంత మేలు. జాజ్ సాక్సోఫోనిస్టు సోనీ రోలిన్స్ అంతటివాడు 1959లో కచేరీలు మానుకుని, ఇంట్లో సాధన చేస్తే ఇరుగుపొరుగుకు ఇబ్బందని, రెండేళ్ళు న్యూయార్క్‌లోని విలియమ్స్‌బర్గ్ వంతెన మీద నిలబడి వాయించుకున్నాడు. నాకు వంతెన లేదు, బేస్‌మెంట్‌లో కారుంది. అద్దాలెత్తి, వెనక సీట్లో వాద్యాన్ని తొడ పక్కకు వాల్చుకుని, ఫోనులో తంబుర ఐదున్నరకు పెట్టుకుని కూర్చుంటాను. పోయినవారం పెద్దమ్మ ఫోను చేస్తే ఆమెకే వినిపించాను, తోడి. కాసేపు ఏమీ అనలేదు. "గాంధారం ఇంకా నిలబడింది నాయనా, ఊగలా" అంది. తాతయ్య సన్నాయి ముప్పై ఏళ్ళు విన్న చెవి అది. రేపు మళ్ళీ మధ్యమం నుంచి దింపి చూడాలి.